గూర్ఖానా, థార్ రాక్సా? ముందు బండి ఎవరి వాకిట్లో ఉంటుందో తేల్చుకోండి

నర్సీపట్నంలో ప్రభుత్వోద్యోగం చేస్తున్న 43 ఏళ్ల పాఠకుడు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన సొంతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి దాటాక మరో 16 కిలోమీటర్ల దూరాన కొండమీద ఉంది. ఆ 16 కిలోమీటర్లలో చివరి నాలుగు మట్టిదారి, మధ్యలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు. తాతల నాటి నుంచి ఆ కుటుంబం అక్కడే సేద్యం చేసుకుంటోంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల పాదులు వారి జీవనాధారం. ఆయన తండ్రికి 71 ఏళ్లు, తల్లికి 66. తమ్ముడు వారి దగ్గరే ఉండి తోట చూసుకుంటాడు. ఇంట్లో 1999లో రిజిస్టరైన కమాండర్ జీపు ఉంది. ఇన్నేళ్లుగా తోటకు, సంతకు, ఆసుపత్రికి అదే ఆధారం. దాని రిజిస్ట్రేషన్ 2029 వరకు చెల్లుతుంది గానీ, ఇంజిన్ పొగ కక్కుతోంది, చాసిస్‌కు తుప్పు పట్టింది, బాగుచేయించాలంటే లక్షన్నర అవుతుందని మెకానిక్ చెప్పాడు.

ఈయన తొమ్మిది లక్షలు కూడబెట్టారు. మిగిలినది 9.5 శాతం వడ్డీకి ఇస్తామని బ్యాంకు వారు చెప్పారు. తండ్రి మాట ఒక్కటే: ఫోర్స్ గూర్ఖా ఐదు తలుపులది తీసుకోవాలి, కొండకు అలాంటి మొరటు బండే నిలుస్తుంది. భార్యకు నడుములో డిస్కు జారి మూడేళ్లయింది. నెలకోసారి విశాఖపట్నం తీసుకెళ్లి చూపిస్తున్నారు. రెండేళ్ల కిందట ఆమె డ్రైవింగ్ కూడా నేర్చుకున్నారు. మహీంద్రా థార్ రాక్స్ అయితే తానూ నడపగలనని, పిల్లలకూ భద్రమని ఆమె అంటున్నారు. ఊళ్లో ఎవరికైనా పురుటి నొప్పులు వస్తే ఇప్పటికీ తమ జీపు కోసమే వస్తారని, అలాంటి ఇంట్లో షోకు బండి నిలబెడితే నలుగురూ ఏమనుకుంటారని తండ్రి బాధపడుతున్నారు. ‘పదేళ్ల పాటు నా నడుము సంగతి ఎవరూ అడగరా?’ అని భార్య ఒకరాత్రి కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఈ ప్రస్తావన తేవడానికే భయంగా ఉందని, ఎవరి మాట కాదన్నా తప్పు చేసినవాణ్ణి అవుతానని రాస్తూ, ఏ బండి కొనాలో చెప్పమని ఆయన అడిగారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు బండ్ల ఇంజిన్ల గురించి, ధరల గురించి మీరు శ్రద్ధగా వివరాలు సేకరించారు. కానీ అన్నిటికన్నా ముందు తెలియవలసిన విషయం అందులో ఎక్కడా లేదు. కొన్న బండి రాత్రిళ్లు ఎవరి వాకిట్లో ఉంటుంది? మీ నాన్నగారి మాటలను బట్టి చూస్తే, అది జీపు నిలబడే చోటే, ఊళ్లోనే ఉంటుందని ఆయన అనుకుంటున్నారు. మీ శ్రీమతి మాటలను బట్టి చూస్తే, అది నర్సీపట్నంలో మీ ఇంటి ముందు ఉంటుందని ఆమె అనుకుంటున్నారు. ఇద్దరూ తమ తమ అవసరానికి సరైన బండినే ఎంచుకున్నారు. అయితే ఆ అవసరాలు రెండు, మీరు కొనబోయేది ఒకటి. పోట్లాట ఇక్కడ పుట్టింది. మీ తండ్రి, మీ భార్య ఒకరి మీద ఒకరు పంతానికి పోతున్నారని మీరు రాశారు గానీ, నాకైతే అలా అనిపించలేదు.

కాబట్టి ముందు మీరిచ్చిన వివరాలతోనే ఒక లెక్క వేద్దాం. నెలకు రెండుసార్లు, కాఫీ పండు కోసే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం ఊరికి వెళ్తామన్నారు. అంటే ఏడాదికి దాదాపు 33 ప్రయాణాలు. లంబసింగి ఘాట్ మీదుగా మీ ఊరు సుమారు 65 కిలోమీటర్లు కనుక, రానూపోనూ దాదాపు 4,300 కిలోమీటర్లు. నెలకోసారి విశాఖపట్నం వెళ్లిరావడం 180 కిలోమీటర్ల చొప్పున 2,160. రాజమహేంద్రవరంలోని మీ అత్తగారింటికి ఐదారుసార్లు కలుపుకుంటే, మొత్తం 7,800 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. ఇందులో మట్టిదారి దాదాపు 260 కిలోమీటర్లు మాత్రమే. బండి మీ దగ్గర ఉండే పక్షంలో, ఏడాది పొడవునా మీ కుటుంబం ప్రయాణించేది దాదాపుగా తారురోడ్డు మీదనే. అదే బండి ఊళ్లో ఉంటే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మీ తమ్ముడు రోజూ తోటకు వెళ్లినా, వారానికోసారి సంతకు వెళ్లినా, ఆ నాలుగు కిలోమీటర్ల మట్టిదారిని తొక్కక తప్పదు.

ఆ 260 కిలోమీటర్లు లెక్కలో చిన్నవి కదా అని నేను తేలిగ్గా తీసేయను. చాలా ఏళ్ల కిందట మన్యంలో పనిచేస్తున్న రోజుల్లో, ఒక ఆగస్టు రాత్రి నేనెక్కిన జీపు గెడ్డ ఒడ్డున ఆగిపోయింది. వెనక సీటు మీద పురిటినొప్పులు పడుతున్న పందొమ్మిదేళ్ల అమ్మాయి పడుకుని ఉంది, తల వాళ్లమ్మ ఒళ్లో ఉంది. ఒడ్డు ఎక్కబోతుంటే కమాన్ పట్టీ, అంటే కుదుపును ఆపే ఇనుప పట్టీ, విరిగింది. డ్రైవరు దిగి టార్చి నోటితో పట్టుకుని, అడ్డంగా ఒక కర్రముక్క పెట్టి క్లచ్ తీగతో బిగించి కట్టి, బండిని నడకవేగంతో ఆసుపత్రికి చేర్చాడు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. ‘కొండకు అలాంటి బండే నిలుస్తుంది’ అని మీ నాన్నగారు అంటున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటి రాత్రులే అయి ఉంటాయి. డోలీ కట్టి మోసుకెళ్లే అవస్థను కళ్లారా చూసినవారికి, వాకిట్లో జీపు ఉండడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ రాత్రి నా కళ్ల ముందే జరిగింది ఇంకొకటి కూడా ఉంది. ప్రతి రాయి మీదా బండి ఎగిరిపడినప్పుడల్లా ఆ అమ్మాయి పళ్లు బిగపట్టి, కిటికీ కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. బండి మొండిది కావడం నడిపేవాడికి ఎంత అవసరమో, మెత్తగా ఉండడం వెనక పడుకున్న మనిషికి అంత అవసరం. మీ నాన్నగారి కోరికకూ మీ శ్రీమతి కోరికకూ ఉన్న దూరం మీరనుకున్నంత లేదని నాకు అనిపించడానికి కారణం ఇదే.

ఇక మీ నాన్నగారితో నిదానంగా మాట్లాడవలసిన సంగతి ఒకటుంది. ఆయన దృష్టిలో గట్టి బండంటే చేత్తో విప్పి, చేత్తో బిగించుకోగలిగినది. కమాండర్ అలాంటిదే. కానీ ఇప్పటి గూర్ఖా ఆ జాతి బండి కాదు. చూపుకు పెట్టెలా ఉన్నా, దాని 2.6 లీటర్ల ఇంజిన్ కామన్‌రైల్ ఇంజిన్. కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అందులోనూ ఉన్నాయి, రాక్స్ 2.2 లీటర్ల ఇంజిన్‌లోనూ ఉన్నాయి. మీ ఇంట్లో డీజిల్‌ను డ్రమ్ములో నిలవ చేస్తారని మీరు యథాలాపంగా రాశారు. వానాకాలం చలికి డ్రమ్ము లోపలి గోడలకు నీటి చెమ్మ పట్టి అడుగుకు దిగుతుంది. పాత జీపు ఆ నీళ్లను దగ్గుతూనైనా తాగేసింది. కొత్త ఇంజెక్టర్లు తాగలేవు, ఒక్క సెట్టు పోతే బిల్లు వేలల్లో ఉంటుంది. ఏ బండి కొన్నా ముందుగా ఆ డ్రమ్ము అలవాటు మానాలి. పైగా బీఎస్-6 అనే కాలుష్య నియమాలకు తగినట్టు చేసిన ఇప్పటి డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడైనా ఆగకుండా కొంతసేపు వేడిగా, ఒకే వేగంతో నడవాలి. తోటకూ ఇంటికీ మధ్య రెండేసి కిలోమీటర్లు తిరుగుతూ, ఇంజిన్ ఆపకుండా బస్తాలు ఎక్కించే బండికి ఆ ఫిల్టరు తొందరగా పూడుకుపోయి, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. బండి ఊళ్లో ఉండేటట్లయితే వారానికోసారి దాన్ని నర్సీపట్నం దాకా తిప్పుకురావడం మీ తమ్ముడి పనుల్లో ఒకటి కావాలి.

మరమ్మతు విషయంలో రెండింటికీ తేడా లేకపోలేదు. మహీంద్రా మెకానిక్కులు, విడిభాగాలు మన జిల్లాల్లో చిన్న పట్నాల దాకా దొరుకుతాయి. ఫోర్స్ వారి సర్వీసు కేంద్రాలు అంతకన్నా తక్కువ. అయితే ట్రావెలర్ వ్యాన్లలో వాడేది కూడా ఇదే కుటుంబపు ఇంజిన్ కాబట్టి, ఇంజిన్ పని తెలిసిన చేతులు దొరుకుతాయి. తలుపు, బంపరు, అద్దం లాంటివి దెబ్బతిన్నప్పుడే ఎదురుచూడవలసి వస్తుంది. మీకు దగ్గరి సర్వీసు కేంద్రానికి స్వయంగా వెళ్లి, గూర్ఖా హెడ్‌లైటు, క్లచ్ ప్లేటు తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో అడగండి. షోరూములో అడిగితే సంతోషపెట్టే జవాబు వస్తుంది, వర్క్‌షాపులో అడిగితే నిజం తెలుస్తుంది.

ఇప్పుడు మీ శ్రీమతి నడుము సంగతి. ఇందులో మీరిద్దరూ ఒక మాటను పరీక్షించకుండానే నమ్మారు. రాక్స్ కొత్తది కాబట్టి మెత్తగా ఉంటుందని, గూర్ఖా మొరటుది కాబట్టి కుదిపేస్తుందని అనుకుంటున్నారు. రెండింటికీ కింద అమరిక దాదాపు ఒకటే. ముందు చక్రాలకు విడివిడి స్ప్రింగులు, వెనక కాయిల్ స్ప్రింగుల మీద ఒకే ఇరుసు. కమాండర్‌కు ఉన్న కమాన్ పట్టీలు రెండింటిలోనూ లేవు. నడిపినవారు చాలామంది చెప్పేది, నేను గమనించింది ఏమిటంటే, గుంతల దారిలో నెమ్మదిగా పోయేటప్పుడు గూర్ఖా అనుకున్నదానికన్నా మెత్తగా పోతుంది, రాక్స్ కాస్త బిగువుగా ఉండి వెనక కూర్చున్నవారిని ఇటూ అటూ ఊపుతుంది. హైవే ఎక్కగానే సంగతి మారిపోతుంది. రాక్స్ నిశ్శబ్దంగా, నిలకడగా, సునాయాసంగా పోతుంది. గూర్ఖా ఇంజిన్ చప్పుడు, గాలి చప్పుడు రెండూ లోపలికి వస్తాయి, వేగం పెంచేకొద్దీ అలసట పెరుగుతుంది. ఇందాకటి లెక్క ప్రకారం ఆమె ప్రయాణంలో ఎక్కువ భాగం తారురోడ్డే కాబట్టి మొగ్గు రాక్స్ వైపే ఉంటుంది. కానీ అది మాటల్లో కాకుండా ఆమె నడుము చెప్పాలి. రాక్స్ పై రకాల్లో 19 అంగుళాల చక్రాలు వస్తాయి, కింది రకాల్లో 18 అంగుళాలవి. టైరు గోడ ఎత్తుగా ఉన్న 18 అంగుళాలవే మీ దారికి నయం, అందానికి ఆశపడకండి.

ఇంకొకటి కూడా ఉంది. డిస్కు నొప్పి ఆమె ఎడమకాలికి పాకుతుందని రాశారు. ఘాట్ రోడ్డు మీద వంపు వంపుకూ క్లచ్ తొక్కడం ఆ కాలికి ఏమాత్రం మంచిదో ఆమెను చూస్తున్న డాక్టరుగారినే అడగండి. గూర్ఖా మాన్యువల్ గేర్లతోనే వస్తుంది. రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే రకం) ఆటోమేటిక్‌లోనూ దొరుకుతుంది, కాకపోతే ధర మరో మెట్టు ఎక్కుతుంది. ఆమె నిజంగా నడపబోతున్నారంటే, ఈ ఒక్క కారణమే మిగిలిన వాదనలన్నిటినీ మించిపోవచ్చు.

కొండదారి ఎక్కే శక్తి గురించి మీ నాన్నగారి భయాలు కొంత తీర్చవచ్చు. వాన పడ్డ ఎర్రమట్టి ఎత్తులో ఒక చక్రం గుంత మీద తేలిందంటే, ఇంజిన్ బలమంతా తేలిన చక్రానికే పోయి అది ఊరికే తిరుగుతుంది, నేలను పట్టుకున్న చక్రం కదలదు. ఆ ఇరుసుకు లాక్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి పైకి లేస్తుంది. గూర్ఖాలో ముందు, వెనక ఇరుసులు రెండింటికీ చేత్తో వేసుకునే లాకులున్నాయి. రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక ఇరుసుకు మీట నొక్కితే పడే లాక్ ఉంటుంది. కొనబోయే రకంలో అది ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఎత్తుకు నెమ్మదిగా లాగే లో గేరు రెండింటిలోనూ ఉంది. గూర్ఖాది నిస్సందేహంగా పైచేయే, కానీ మీ నాన్నగారు ఇన్నేళ్లుగా ఏ లాకులూ లేని జీపుతో అదే దారిలో తిరిగారని మరిచిపోకండి. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌లో మాత్రమే వస్తుంది. ధర తగ్గుతుందని టూ వీల్ డ్రైవ్ తీసుకుంటే ఈ చర్చంతా వృథా.

గెడ్డల విషయంలో కంపెనీలు చెప్పే లోతులు గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు, రాక్స్‌కు 650. ఆ తేడా రెండంగుళాలే. దాన్ని చూసి బండి ఎంచుకోవడమూ తగదు, దాన్ని నమ్మి నీళ్లలో దిగడమూ తగదు. ఉరుకుతున్న నీరు మోకాలు దాటితే ఇంత బరువైన బండినైనా పక్కకు నెట్టగలదు. ఎవరైనా కర్ర పట్టుకుని నడిచి దాటలేని నీటిలోకి ఏ బండినీ దింపకూడదన్న నియమం మీ తమ్ముడికి, మీకు, మీ శ్రీమతికి ఒకేలా ఉండాలి.

వెడల్పు గురించి మీ ఉత్తరంలో మాటే లేదు. గూర్ఖా వెడల్పు 1,865 మిల్లీమీటర్లు, రాక్స్‌ది 1,870. అద్దాలతో కలిపితే ఏడడుగులకు దగ్గరగా వస్తుంది. మీ తోటదారి సన్నటి కమాండర్ చక్రాలు తొక్కి తొక్కి ఏర్పరచిన దారి. దానికి అటూ ఇటూ సిల్వర్ ఓక్ మొదళ్లు, రాళ్లు ఆ జీపుకు తగినట్టే ఉంటాయి. ఎత్తు కూడా చూసుకోండి. గూర్ఖా 2,095 మిల్లీమీటర్లు, రాక్స్ 1,923. తోటలో వంగిన కొమ్మలకు, పాకల చూరుకు ఈ ఏడంగుళాల తేడా తగులుతుంది. ఏడడుగుల వెదురుబొంగు ఒకటి నరికి, దాన్ని అడ్డంగా పట్టుకుని ఇంటి నుంచి కాఫీ కళ్లం దాకా ఒకసారి నడవండి. ఎక్కడెక్కడ తగిలిందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టుకోండి. గుర్తులు మూడు నాలుగే అయితే ఒక పూట పనితో దారి వెడల్పవుతుంది. ఇరవై అయితే ఈ రెండు బండ్లూ తోటలోకి పోవు, అప్పుడు మీ ప్రశ్నే మారిపోతుంది.

భద్రత విషయంలో మీ శ్రీమతి అన్నదే సరైనది. రాక్స్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఉన్నాయి, బండిని ఢీకొట్టించి చూసే భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో దానికి ఐదు నక్షత్రాలు వచ్చాయి. గూర్ఖాలో ముందు ఇద్దరికీ రెండు ఎయిర్‌బ్యాగులే. పిల్లలను ఎక్కించుకుని నెలనెలా హైవే మీద తిరిగే కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. గూర్ఖా మూడో వరుసలోని రెండు సీట్లు వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటాయి, కుదుపు అక్కడే ఎక్కువగా తెలుస్తుంది. అది ఏడుగురి బండి, రాక్స్ ఐదుగురిది. మీరు నలుగురు, పైన మీ అమ్మానాన్నలు ఎక్కితే ఆరుగురు. నెలలో ఎన్నిసార్లు ఆరుగురూ కలిసి ప్రయాణిస్తారో నిజాయితీగా లెక్కపెట్టండి.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, గూర్ఖా కొని ఊళ్లో ఉంచడం. మీ నాన్నగారి మనసు కుదుటపడుతుంది, ఊరికి అక్కర పడ్డ రాత్రి బండి వాకిట్లో ఉంటుంది, వానాకాలంలో మీ తమ్ముడు ధైర్యంగా కదలగలడు. కానీ అప్పు మీది, బండి ఆయనది అవుతుంది. మీ శ్రీమతి విశాఖపట్నానికి ఇంకా బస్సులోనో, అద్దె కారులోనో వెళ్తూనే ఉంటారు, నెలనెలా వాయిదా కట్టేటప్పుడల్లా ఆ మాట మీ మధ్య మెదులుతుంది. సంత రోజుల్లో తమ్ముడు మనుషులను ఎక్కించుకుని నాలుగు డబ్బులు చేసుకోవాలని అనుకుంటున్నట్టు కూడా రాశారు. సొంతానికి రిజిస్టరైన తెల్ల నంబరుప్లేటు బండిలో కిరాయికి మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేస్తుంది, నష్టపరిహారం బండి ఎవరి పేరున ఉందో వారి మీద, అంటే మీ మీద పడుతుంది. ఈ దారి పడితే ఆ మాట తమ్ముడితో కొనే ముందే తేల్చుకోవాలి.

రెండోది, రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ కొని నర్సీపట్నంలో ఉంచుకుని, జీపును బాగుచేయించి ఊళ్లో ఉంచడం. మీరిచ్చిన వివరాలను బట్టి నా మనసు ఇటే మొగ్గుతోంది. దాచకుండా చెప్తున్నాను, కానీ దీనికి ఒక షరతు ఉంది. తుప్పు చాసిస్ మీద పైపైనే ఉందా, లోపలికి తినేసిందా అన్నది తెలియాలి. స్క్రూడ్రైవరుతో చాసిస్ కమ్మీని, ముఖ్యంగా కమాన్ పట్టీలు తగిలించిన కొక్కేల దగ్గర, గట్టిగా పొడిచి చూడమనండి. పొరలు రాలి లోపల గట్టి ఇనుము తగిలితే లక్షన్నర పెట్టవచ్చు. మొన లోపలికి దిగిందంటే ఆ జీపులో మనుషులను ఎక్కించడం ఆపాల్సిందే. అప్పుడు ఊరి కోసం సెకండ్‌హ్యాండ్ బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్ చూడాలి. బస్తాలకు వెనక తొట్టి, మనుషులకు సీట్లు, తెలిసిన మెకానిక్కులు అన్నీ దానికి కుదురుతాయి. ఈ దారిలో ఖర్చు రెండు చోట్ల పెడతారు, రెండు బీమాలు, రెండు సర్వీసులు. అలాగే, ఆగస్టులో జీపు మొరాయిస్తే ఊళ్లో ఆధారం ఉండదన్న భయం మీ నాన్నగారికి మిగిలే ఉంటుంది.

మూడోది, రెండింటినీ పక్కనపెట్టి మీకు పట్నంలో చిన్న కారు, ఊళ్లో మంచి పాత బండి చూసుకోవడం. అప్పు సగానికి తగ్గుతుంది. కానీ ఊరికి వెళ్లినప్పుడల్లా మట్టిదారి మొదట్లో కారు ఆపి, జీపులోకి మారాలి. మీ శ్రీమతి నడుముకు ఆ నాలుగు కిలోమీటర్ల జీపు ప్రయాణమే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది కావచ్చు. కొత్త బొలెరో ఎందుకు కాదని మీరు అడగవచ్చు. పొడవు నాలుగు మీటర్ల లోపు, ఇంజిన్ 1,500 సీసీ లోపు కాబట్టి 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతమే, మీరు చూస్తున్న రెండు బండ్ల మీద 40 శాతం. మన్యంలో అది బోలెడంత తిరుగుతోంది కూడా. కానీ అది వెనక చక్రాలతో మాత్రమే లాగే బండి, వెనక కమాన్ పట్టీలు. మీ గెడ్డకూ కుదరదు, ఆమె నడుముకూ కుదరదు.

డబ్బు విషయంలో ఒక్క మాట. 12 లక్షల అప్పును ఏడేళ్లకు తీసుకుంటే మీరు చెప్పిన వడ్డీకి నెలకు దాదాపు 19,600 రూపాయలు, మొత్తం వడ్డీ నాలుగున్నర లక్షలకు దగ్గర. ఐదేళ్లకైతే నెలకు 25,200, వడ్డీ మూడు లక్షల పైచిలుకు. కాఫీ, మిరియాల రాబడి ఫిబ్రవరి తరువాత చేతికొస్తుంది కాబట్టి, ఏటా ఒకసారి అదనంగా అసలు కట్టడానికి బ్యాంకు రుసుము వసూలు చేస్తుందో లేదో ముందే అడగండి. షోరూము ధర చూసి నిర్ణయం తీసుకోకండి. లైఫ్ ట్యాక్స్, బీమా కలిపి బండి రోడ్డెక్కేసరికి ఎంతవుతుందో రెండు చోట్లా రాతపూర్వకంగా తీసుకోండి.

మీ ఇంట్లో మాట ఎలా మొదలుపెట్టాలన్నదే మీకు అన్నిటికన్నా కష్టంగా ఉందని తెలుస్తోంది. ఏ బండి అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. మీ నాన్నగారి దగ్గర కూర్చుని, ఊళ్లో రాత్రి అవసరాలు ఎన్నిసార్లు వచ్చాయో, ఎవరెవరిని ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పమనండి. ఆయన చెప్తుండగా మీ శ్రీమతి కూడా వినాలి. అలాగే ఆమె నొప్పి గురించి మీరు మధ్యవర్తిగా చెప్పకుండా, ఆమే మామగారితో చెప్పనివ్వండి. కోడలు ఏడ్చిన సంగతి ఆయనకు తెలియదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. తెలిస్తే ఆయన ఇలాగే పట్టుబడతారని నేను అనుకోను.

ఆ తరువాత రెండు బండ్లనూ ఇంటి దాకా రప్పించండి. షోరూము చుట్టూ ఉన్న నున్నటి రోడ్డు మీద తిప్పితే ఏమీ తెలియదు. డీలరు ఒప్పుకోకపోతే, ఆ బండ్లున్నవారిని బతిమాలి అయినా ఒక పూటకు తెచ్చుకోండి. లంబసింగి ఘాట్ ఎక్కి, మీ మట్టిదారిలో చివరి కిలోమీటరైనా వెళ్లండి. మీ శ్రీమతి మొదట వెనక సీటులో, తిరుగు ప్రయాణంలో ముందు సీటులో కూర్చోవాలి. మరునాడు పొద్దున్న నడుము ఎలా ఉందో చూసుకున్నాకే మాట చెప్పాలి. మీ అమ్మగారిని చీరలోనే ఎక్కి దిగమనండి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ ఎత్తు ఎక్కలేకపోతే, బండిలో ఎప్పుడూ ఒక ముక్కాలిపీట ఉండాలి, లేదా పక్కన మెట్టు వేయించాలి. మీ నాన్నగారికి జాకీ ఇచ్చి, వెనక తలుపుకున్న స్టెప్నీని దించి ఒక చక్రం మార్చమనండి. తన చేతికి లొంగుతుందని తెలిసిన బండి మీద ఆయనకు నమ్మకం దానంతటదే కలుగుతుంది.

ఈ శనివారం ఊరికి వెళ్తున్నారు కదా. వెదురుబొంగు సంగతి మాత్రం వాయిదా వేయకండి. తోటదారిలో అది ఎన్ని చోట్ల తగిలిందో, జీపు చాసిస్‌లో స్క్రూడ్రైవరు ఎంత దిగిందో మళ్లీ ఉత్తరం రాస్తే, బండి రకం గురించి, టైర్ల గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.